రోజుకు ఎన్ని కిలోమీటర్లు? స్కూటర్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

దసరాకు ముందు మా ఇంట్లో రెండు బళ్ల ముచ్చట ఒకేసారి వచ్చింది. మా వదిన టీచర్. ఆమెకు ఆత్మకూరు అవతల ఒక ఊరి బడికి బదిలీ అయింది. హన్మకొండలో ఇంటి నుంచి రానూపోనూ 44 కిలోమీటర్లు. మామయ్య రిటైరై నాలుగేళ్లవుతోంది. ఇల్లు సుబేదారిలో. పొద్దున పాలు, కూరగాయలు, వారానికి రెండుసార్లు భద్రకాళి గుడి, సాయంత్రం దోస్తుల దగ్గరికి. అంతా కలిపినా రోజుకు 8 కిలోమీటర్లు దాటదు. ఇద్దరూ నన్ను అడిగింది ఒకటే: "ఏ బండి తీసుకుంటే మైలేజీ ఎక్కువిస్తది?"

జవాబు చెప్పకుండా, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో లెక్కేయమన్నాను. వదినకు బడి రోజులు 220 అనుకుంటే దాదాపు 9,700. ఊళ్లో తిరుగుడు కలిపితే 11 వేలు. మామయ్యకు 2,400. ఈ రెండు అంకెలు తేలాక తెలిసిందేమిటంటే, ఒకరికి లాభం తెచ్చే బండి ఇంకొకరికి నష్టం. మైలేజీ అనేది మొత్తం ఖర్చులో ఒక ముక్క మాత్రమే. బండి ధర, వడ్డీ, బ్యాటరీ, సర్వీసు, ఇంటి కరెంటు బిల్లు, ఇవన్నీ కిలోమీటర్ల మీద పంచుకుంటేనే ఏది చవకో తెలుస్తుంది. ఆ లెక్క ఎలా వేశామో ఇక్కడ రాస్తున్నాను. మీ అంకెలు పెట్టి మీరూ వేసుకోవచ్చు.

ముందు బండికి శక్తి ఎందుకు ఖర్చవుతుందో చూద్దాం. బండి, మనిషి కలిపి 170 కిలోల బరువు. చదునైన రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే చక్రం దగ్గర కావాల్సిన శక్తి సుమారు ముప్పావు కిలోవాట్. అంటే ఒక్క హార్స్‌పవర్. 110 సీసీ స్కూటర్ ఇంజిన్ దాదాపు 8 హార్స్‌పవర్ ఇవ్వగలదు. మిగతా ఏడూ సిగ్నల్ దగ్గర నుంచి దూకడానికి, కాజీపేట బ్రిడ్జి ఎక్కడానికి, వెనక ఇంకో మనిషి కూర్చుంటే లాగడానికి. మామూలుగా నడిచేటప్పుడు ఆ బలమంతా ఊరికే ఉంటుంది.

వేగం పెంచితే మాత్రం కథ మారిపోతుంది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 60కి పోతే గాలి దెబ్బ రెండింతలు దాటుతుంది. చక్రం దగ్గర కావాల్సిన శక్తి ముప్పావు కిలోవాట్ నుంచి సుమారు 2 కిలోవాట్లకు చేరుతుంది. పెట్రోలు బండికైనా, కరెంటు బండికైనా ఇదే సూత్రం. ములుగు రోడ్డు మీద 65లో పోయే మనిషికీ 45లో పోయే మనిషికీ ఒకే మోడల్ బండి వేరువేరు మైలేజీ ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. షోరూంలో చెప్పే అంకెకూ మనకొచ్చే అంకెకూ తేడా రావడం కూడా చాలావరకు ఇందుకే. వాళ్ల పరీక్షలో సగటు వేగం తక్కువ.

ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, కిలోవాట్ అవర్. స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే ఒక కిలోమీటరుకు 0.2 యూనిట్ ఖర్చయినట్టు. చక్రానికి నిజంగా కావాల్సింది అందులో పదో వంతు. మిగతా తొమ్మిది వంతులు ఇంజిన్ వేడిగా, సైలెన్సర్ పొగగా, బెల్టు రాపిడిగా పోతాయి. కరెంటు మోటారుతో నడిచే బండికి ఈ గోల లేదు. గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే, ఛార్జర్‌లో పోయే నష్టంతో సహా కిలోమీటరుకు 0.035 యూనిట్ చాలు. అందుకే 3 యూనిట్ల బ్యాటరీతో 85, 90 కిలోమీటర్లు పోగలుగుతుంది. అదే శక్తి పెట్రోలు రూపంలో కావాలంటే లీటరులో మూడో వంతు. దాంతో పెట్రోలు స్కూటర్ 15 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

పెట్రోలు స్కూటర్‌లోనే ఇంకో చిక్కుంది. 100 సీసీ గేరు బండి లీటరుకు 60, 65 ఇస్తుంటే దాదాపు అంతే ఇంజిన్ ఉన్న స్కూటర్ 45 ఎందుకిస్తుంది? జవాబు ఎడమ పక్కన మూత కింద ఉంటుంది. గేరు బండిలో ఇనుప పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. స్కూటర్‌లో రెండు పుల్లీల మధ్య ఒక రబ్బరు బెల్టు. దీన్నే సీవీటీ అంటారు. ముందు పుల్లీలో రెండు పళ్లేలు ఎదురెదురుగా ఉంటాయి. ఒక పళ్లెం వెనక గూళ్లలో చిన్న రోలర్లు. ఇంజిన్ వేగం అందుకున్నకొద్దీ ఆ రోలర్లు బయటి అంచుకు జరిగి పళ్లేన్ని నెడతాయి. బెల్టు పైకెక్కుతుంది. మనం చెయ్యి కదపకుండానే గేరు మారినట్టవుతుంది. చీర కట్టుకున్నవాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు, చౌరస్తా ట్రాఫిక్‌లో నిమిషానికోసారి ఆగేవాళ్లకు ఇంత సుఖం ఇంకోటి లేదు. ఆ సుఖానికి మనం కట్టే ధర ఆ 15, 20 కిలోమీటర్ల మైలేజీ. బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, క్లచ్ అంటుకునేదాకా ఇంజిన్ ఊరికే తిరుగుతుంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు తోలిన చేతక్‌కు ఈ బెల్టు లేదు. 1972లో వచ్చిన ఆ బండికి ఎడమ చేతిలో గేర్లు, పెట్రోలులో కలిపే ఆయిల్, వెనక తగిలించిన స్టెప్నీ ఉండేవి. గేర్లు లేని స్కూటర్ మనకు అలవాటైంది 1980లలో కైనెటిక్ హోండాతో. 2001లో యాక్టివా వచ్చాక ఇక ఇంటింటికీ అదే పద్ధతయింది.

ఈ బెల్టు సంగతి నాకు చదివి తెలిసింది కాదు. ఏడేళ్ల కిందట నేనొక సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నాను. పైకి మెరుస్తోంది. కొన్న నెలకు ఫుల్ ట్యాంక్ కొట్టించి కొలిస్తే లీటరుకు 31 వచ్చింది. పికప్ కూడా లేదు, ఇంజిన్ మాత్రం గట్టిగా అరుస్తోంది. ప్లగ్గు మార్పించాను, కార్బురేటర్ క్లీన్ చేయించాను. ఏమీ మారలేదు. చివరికి పోచమ్మ మైదాన్ దగ్గర ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బండి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు చప్పుడు విన్నాడు. "ఇంజిన్ మంచిగనే ఉంది సార్, రోలర్లు పోయినయ్" అన్నాడు. ఎడమ మూత విప్పితే నల్లటి బెల్టు పొడి దోసెడు రాలింది. వేరియేటర్, అంటే రోలర్లుండే ఆ ముందు పుల్లీ, బయటికి తీసి ఒక రోలర్ నా అరచేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క రాయి మీద నూరినట్టు చదునైపోయింది. ఆరింటికీ అదే తీరు. చదునైన రోలర్ దొర్లదు, గూట్లో ఇరుక్కుంటుంది. పళ్లెం పూర్తిగా జరగదు, బెల్టు పైకెక్కదు. అంటే బండి ఎప్పుడూ రెండో గేరులోనే నడుస్తున్నట్టు. రోలర్లు, బెల్టు కలిపి మార్చాక మైలేజీ 43కి వచ్చింది. అంతకుముందు నెలల్లో నేను అనవసరంగా తగలేసిన పెట్రోలు ఖర్చు ఆ సామాన్ల ధర కంటే ఎక్కువ.

అందుకే స్కూటర్ ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను. బెల్టు తెగేదాకా ఆగొద్దు. 20 వేల కిలోమీటర్లు దాటాక ఒకసారి ఆ మూత విప్పించండి. నరసంపేట రోడ్డు మీద చీకట్లో బెల్టు తెగితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. తోసుకుంటూ పోవడమే.

ఇక రూపాయల్లోకి వద్దాం. పెట్రోలు 107 లెక్కన, మైలేజీ 45 అయితే కిలోమీటరుకు 2 రూపాయల 38 పైసలు. 65 ఇచ్చే గేరు బండికి రూపాయి 65 పైసలు. కరెంటు బండికి మన ఉత్తర డిస్కం (మన వైపు కరెంటు ఇచ్చే కంపెనీ) స్లాబుల్లో యూనిట్ 7 రూపాయల 70 పైసలు పడినా 27 పైసలు. ఇది చూస్తే అందరూ కరెంటు బండే కొనాలనిపిస్తుంది. చాలా వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పెట్రోలు స్కూటర్ ఆన్‌రోడ్ 95 వేలు, 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న కరెంటు స్కూటర్ లక్షా 20 వేలు అనుకుందాం. మోడల్‌ను బట్టి అటూఇటూ ఉంటుంది. తేడా 25 వేలు. ఈ తేడా పన్నులను బట్టి మారుతూ వచ్చింది. తెలంగాణలో కరెంటు బళ్లకు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. పెట్రోలు బండికి జీవితకాలపు పన్నే ధరలో నూటికి 12 చుట్టుపక్కల పడుతుంది. జీఎస్టీ కరెంటు బండికి 5 శాతం. పెట్రోలు స్కూటర్‌కు 28 ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. అందుకే రెండేళ్ల కిందటి లెక్కలు చూసి ఇప్పుడు నిర్ణయం తీసుకోవద్దు.

వదినకు ఏడాదికి 11 వేల కిలోమీటర్లు. పెట్రోలు అయితే 26 వేల రూపాయలు. కరెంటు అయితే 385 యూనిట్లు, అంటే 3 వేలు. ఏడాదికి 23 వేలు మిగులు. ఆ 25 వేల తేడా 13 నెలల్లో వచ్చేస్తుంది. సర్వీసు ఖర్చు తగ్గేది అదనం. ఇంజిన్ ఆయిల్ లేదు, ప్లగ్గు లేదు, ఎయిర్ ఫిల్టర్ లేదు.

ఇప్పుడు బ్యాటరీ. దాని పేరెత్తితేనే మా ఇంట్లో అందరికీ టెన్షన్. ఒకనాటికి మార్చాల్సిందే, మార్చితే 55 వేలు అవుతుందనుకుందాం. అది 77 వేల కిలోమీటర్లు, అంటే వదిన తిరుగుడుకు ఏడేళ్లు పనిచేస్తే కిలోమీటరుకు 71 పైసలు. కరెంటు 27, బ్యాటరీ 71, కలిపి 98 పైసలు. పెట్రోలు 2 రూపాయల 38 పైసలకు ఇంకా సగం కంటే తక్కువే.

అదే బ్యాటరీని మామయ్యకు పెట్టి చూడండి. ఎనిమిదేళ్లు వాడినా ఆయన తిరిగేది 19,200 కిలోమీటర్లు. బ్యాటరీ మాత్రం తిరిగినా తిరక్కపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది. లిథియం సెల్ లోపలి రసాయనం ఊరికే నిలబెట్టినా మెల్లగా అరిగిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. 55 వేలను 19,200తో భాగిస్తే కిలోమీటరుకు 2 రూపాయల 86 పైసలు. పెట్రోలు కంటే బ్యాటరీ అరుగుదలే ఎక్కువ. ఈ ఒక్క భాగహారం చేశాక మామయ్య కరెంటు బండి ఆలోచన మానుకున్నాడు. తక్కువ తిరిగేవాళ్లకు ఖర్చంతా బండి కొనడంలోనే ఉంటుంది, నడపడంలో కాదు. కాబట్టి వాళ్లు చూసుకోవాల్సింది కొనే ధర తగ్గించుకోవడం ఎలా అని.

అప్పు చేసి కొంటే ఆ ధర ఇంకా పెరుగుతుంది. షోరూంలో ఫైనాన్స్ వాళ్లు "పది పర్సెంటే సార్" అంటారు. ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం అప్పు మీదే చివరిదాకా వడ్డీ), తగ్గే బాకీ మీదా అని అడగండి. 70 వేలకు మూడేళ్లు 10 శాతం ఫ్లాట్ అయితే వడ్డీ 21 వేలు. తగ్గే బాకీ మీద అదే 10 శాతమైతే 11,300. మాట ఒకటే, వడ్డీలో దాదాపు రెండింతల తేడా. ఆ 21 వేలతో 196 లీటర్ల పెట్రోలు వస్తుంది, 8,800 కిలోమీటర్లు పోవచ్చు. మామయ్యకైతే మూడున్నరేళ్ల తిరుగుడు. లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువిచ్చే బండి కోసం వారం రోజులు వెతికే మనం ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం.

కరెంటు బండి విషయంలో మన రాష్ట్రంలో ముడి ఇంకోటుంది. గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మా వీధిలో ఒక టైలరమ్మ ఉంది. రోజుకు 20 కిలోమీటర్లు తిరుగుతుంది, నెలకు 520. కరెంటు బండి కొంటే నెలకు 18 యూనిట్లు అదనం. చలికాలంలో ఇంట్లో 120 యూనిట్లు కాలితే 138 అవుతుంది, బిల్లు జీరోనే. బండి ఉచితంగా నడిచినట్టు. కానీ ఏప్రిల్, మే నెలల్లో కూలర్, ఫ్రిజ్, కుట్టుమిషన్ మోటారు కలిసి 190 కాలితే, 18 కలిపి 208. అప్పుడు మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల లెక్కన 1,020, పైన 8 యూనిట్లకు 62, మొత్తం 1,082, ఇంకా ఫిక్స్‌డ్ ఛార్జీలు. అదే నెల పెట్రోలుకు పెడితే 1,236. అంటే ఆ రెండు నెలలు లాభం దాదాపు ఏమీ లేదు. మిగతా పది నెలలు పూర్తి లాభం. ఏడాది మొత్తం మీద ఆమెకు కరెంటు బండే మేలు. ఎండాకాలంలో మీటర్ రీడింగ్ ఎప్పుడు తీస్తారో గుర్తుపెట్టుకుని, 200కు దగ్గరపడితే నాలుగు రోజులు జాగ్రత్తగా ఉంటే చాలు. నెలకు 250 కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకు మాత్రం ఇది తిరగబడొచ్చు. 600 రూపాయల పెట్రోలు మిగిల్చుకోబోయి వెయ్యి రూపాయల బిల్లు తెచ్చుకున్నట్టవుతుంది.

మన ఎండ గురించి కూడా చెప్పాలి. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో నడిపి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకూడదు. గంటసేపు నీడలో చల్లారనిచ్చి, వీలైతే రాత్రి పెట్టాలి. లిథియం బ్యాటరీల్లో రెండు రకాలు ఎక్కువగా వస్తున్నాయి. ఎన్ఎంసీ రకం తేలిక, అదే సైజులో ఎక్కువ దూరం ఇస్తుంది. ఎల్ఎఫ్‌పీ రకం కాస్త బరువు, కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్ పెట్టొచ్చు. మన ఎండలకు రెండోదే మంచిదని నా అభిప్రాయం. ఏది ఉందో షోరూంలో అడగండి. వారంటీ కాగితంలో ఎన్నేళ్లు అనేదొక్కటే చూడకండి. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చిస్తారో రాశారా లేదా అన్నది అసలు సంగతి.

మోటారు ఎక్కడుందో కూడా చూడాలి. టీవీఎస్ ఐక్యూబ్ కరెంటు స్కూటర్‌లో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. బెల్టు లేదు, మెయింటెనెన్స్ తక్కువ. కాకపోతే చక్రం బరువు ఎక్కువ కాబట్టి గుంతల్లో వెనక కుదుపు తెలుస్తుంది, వెనక టైరు విప్పడం ఊరి పంక్చర్ షాపులో అంత తేలిక కాదు. ఏథర్ కంపెనీ కరెంటు స్కూటర్‌లో మోటారు మధ్యలో ఉండి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది. బరువు నడిమికి వస్తుంది, బెల్టు మాత్రం ఒకనాటికి మార్చుకోవాలి. చక్రం సైజు నా దృష్టిలో మోటారు కంటే ముఖ్యం. 10 అంగుళాల చక్రం గుంతలో దిగిపోతుంది, 12 అంగుళాలది దాటిపోతుంది. ఊరి రోడ్లలో తిరిగేవాళ్లు రెండూ 12 అంగుళాలవి ఉన్న బండే చూసుకోవాలి.

లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అని అమ్మే చిన్న కరెంటు బళ్లు కూడా ఉన్నాయి. మోటారు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్లు దాటకపోతేనే ఆ మినహాయింపు. ఒక్క హార్స్‌పవర్ అంటే ముప్పావు కిలోవాట్, దాదాపు 750 వాట్లని పైన చూశాం. మూడో వంతు బలంతో ఇద్దరిని ఎక్కించుకుని బ్రిడ్జి ఎక్కడం దానివల్ల కాదు. అందుకని కొందరు డీలర్లు లాక్ తీసేసి 45 దాకా పోయేలా చేసిస్తారు. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. ఏదైనా యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం మొత్తం ఇంటి మీద పడుతుంది. పిల్లలకు ఇప్పించేవాళ్లు ఈ ఒక్కటి తప్పక ఆలోచించాలి.

పాత బండికి మోటారు పెట్టించుకోవచ్చా అని అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. బాడీ గట్టిగా ఉన్న పాత స్కూటర్ ఇంట్లో ఉంటే ఆశ పుట్టడం సహజం. లెక్క కష్టం కాదు. రోజుకు 40 కిలోమీటర్లు కావాలంటే బ్యాటరీ నుంచి కిలోమీటరుకు 30 వాట్ అవర్ చొప్పున 1,200. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, రెండేళ్లకు కొంత తగ్గుతుంది, కాబట్టి 1,700 పెట్టుకోవాలి. 60 వోల్టుల బ్యాటరీ అయితే 28 ఆంపియర్ అవర్. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు. ఎవరు ఏ బ్యాటరీ చూపించినా ముందు ఈ గుణకారం చేయండి, ఎంత దూరం పోతుందో మీకే తెలుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే రాసిన దాంట్లో దాదాపు సగమే ధైర్యంగా వాడుకోవచ్చు.

అయితే ఆ పని చట్టప్రకారం కావాలంటే ప్రభుత్వ పరీక్షా సంస్థ ఆమోదం పొందిన కిట్ కావాలి, ఆర్‌సీలో పెట్రోలు తీసేసి ఎలక్ట్రిక్ అని మార్పించాలి. లేకపోతే ఇన్సూరెన్స్ చెల్లదు. బ్రేకులు కూడా పాత బరువుకు తగ్గట్టు చేసినవి. విడి సెల్స్ తెచ్చి షెడ్‌లో అతికించే బ్యాటరీ జోలికి మాత్రం ఎవరూ పోవద్దని చేతులు జోడించి చెప్తున్నాను. సెల్స్ ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోకపోతే, వాటిని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ నాసిరకమైతే ఒకటి వేడెక్కి పక్కదాన్ని అంటిస్తుంది. ఆ మంట నీళ్లు పోస్తే అంత తేలిగ్గా ఆరేది కాదు, ఇంట్లో నిద్రపోయేటప్పుడు ఛార్జింగ్‌లో ఉండే వస్తువది.

మామయ్య సంగతికొస్తే, ఆయనకు సెకండ్ హ్యాండ్ పెట్రోలు స్కూటర్ చూశాం. నా పాత అనుభవం ఈసారి పనికొచ్చింది. అమ్మేవాళ్లింటికి చెప్పిన టైమ్ కంటే అరగంట ముందే పోయి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే పొద్దున స్టార్టింగ్ కష్టం దాచిపెట్టినట్టు. మొదటి కిక్కుకు నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతోందని అర్థం. మీటర్‌లో 12 వేలు చూపిస్తూ బ్రేక్ లివర్లు, ఫుట్‌బోర్డ్ మ్యాట్ అరిగిపోయి ఉంటే ఆ మీటర్‌ను నమ్మకూడదు. మెల్లగా కదిలేటప్పుడు బండి వణికితే క్లచ్ షూలు, హ్యాండిల్ ఒక పక్కకు లాగితే ఫోర్క్ లేదా కోన్‌సెట్ (హ్యాండిల్ బేరింగులు). ఇవన్నీ మార్చుకోగలిగినవే, ధర తగ్గించి అడగొచ్చు. ఛాసిస్ నంబర్ గీకినట్టు కనిపిస్తే మాత్రం ఇంకో మాట లేకుండా లేచి రావాలి.

కాగితాల్లో ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉందేమో, ఉంటే బాకీ తీరినట్టు ఫారం 35 ఉందేమో చూడాలి. బండి మీద చలానాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ఊరుకోకుండా పేరు మార్పించుకునేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. రాష్ట్రం విడిపోకముందు వరంగల్‌లో ఇచ్చిన ఏపీ 36 నంబర్ ఉన్న బళ్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. చవకగా వస్తాయి కానీ రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లే. అది దాటితే రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ అన్నీ కొన్నవాళ్ల మీదే పడతాయి.

తక్కువ తిరిగేవాళ్లు పెట్రోలు గురించి ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గడం నిజమే. అంతకంటే ముఖ్యంగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ఫుల్ ట్యాంక్ కొట్టించి నెలన్నర వాడితే స్టార్టింగ్ ఇబ్బంది రావొచ్చు. మామయ్యకు రెండేసి లీటర్లు పోయించుకోమని చెప్పాను. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించుకోమన్నాను. ఆయన బండి పుస్తకంలో ముందు 22, వెనక 29, ఇద్దరెక్కితే వెనక 36 అని ఉంది. బంకులో అబ్బాయి రెండింటికీ ఒకే అంకె కొట్టబోతే పుస్తకం చూపించి చెప్పాడట.

మిర్చి బస్తా వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లకు, పాలక్యాన్లు కట్టేవాళ్లకు ఈ స్కూటర్ల చర్చే అక్కర్లేదు. వాళ్లకు టీవీఎస్ ఎక్సెల్ 100 మోపెడ్ లాంటి బండిని మించింది లేదు. ఇంజిన్ చిన్నది, వేరియేటర్ లేదు, సీటు తీస్తే సామాను జాగా, ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాళ్లు దొరుకుతారు.

వదిన కరెంటు బండి తీసుకుంది. రోజుకు 44 కిలోమీటర్లంటే 90 ఇచ్చే బ్యాటరీలో సగం. పొద్దున 80 శాతంతో బయలుదేరితే సాయంత్రానికి 30 మిగులుతోంది, బడి దగ్గర ఛార్జింగ్ వెతుక్కునే పని లేదు. బండి ఇంటికి రాకముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. పాత ఇల్లు, ప్లగ్గులో మూడో పిన్నుకు, అంటే ఎర్త్‌కు, వైరే లేదు. అతను గోడ పక్కన గుంత తవ్వి, రాడ్ దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసగా పోసి నీళ్లు చల్లాడు. అక్కడి నుంచి కొత్త వైరు లాగి పోర్టికోలో 15 ఆంపియర్ల సాకెట్ పెట్టి, టెస్టర్‌తో బల్బు వెలిగించి చూపించాడు. కూలీ, సామాను కలిపి ఐదు వేలకు కొంచెం తక్కువైంది. అది కూడా బండి ధరలోనే కలిపి రాసుకున్నాం. 13 నెలల లెక్క 16 నెలలైంది.